బ్రాడ్‌వే పాత మ్యూజికల్స్, వాటిని ఆడించిన కాళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లో సగం మంది అమెరికాలో ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు న్యూయార్క్‌లో నాటకశాలలుండే బ్రాడ్‌వేలో ఏదో ఒకటి చూసే వస్తారు. "సెట్టింగులు భలే ఉన్నాయి" అంటారు. మరి నాట్యమో అని అడిగితే "బానే గెంతారు" అంటారు. ఆ గెంతులు ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో చెప్పాలని నా తాపత్రయం. కింది ప్రశ్నల్లో చాలావరకు నన్ను అడిగినవే. రెండు మూడు మాత్రం ఎవరూ అడగకపోయినా ఊరుకోలేక నేనే చేర్చాను.

మ్యూజికల్ అంటే మన సినిమాలాంటిదేనా? పాటలు, డాన్సులు, మధ్యలో మాటలు?

పైకి అలాగే కనిపిస్తుంది. మన సినిమాలో పాట మొదలవగానే కథ కాస్త కాళ్ళు చాపుకుంటుంది. హీరో హీరోయిన్లు ఏ మంచుకొండ మీదికో వెళ్ళి, తిరిగొచ్చి, కథను వదిలిన చోట మళ్ళీ అందుకుంటారు. మంచి మ్యూజికల్‌లో ఆ వెసులుబాటు లేదు. పాట ముగిసేసరికి, ఆట ముగిసేసరికి ఎవరో ఒకరి మనసు మారి ఉండాలి.

ఆ మాటకొస్తే మన సినిమా కంటే భామాకలాపమే దీనికి దగ్గర. సత్యభామ ప్రవేశ దరువులో ఆవిడ నడక, జడ, మెడ విరుపు చూస్తే చాలు, ఎంత గర్వమో, ఎంత ప్రేమో తెలిసిపోతుంది. ఇంకెవరూ వచ్చి పరిచయం చెయ్యక్కర్లేదు. బ్రాడ్‌వేవాళ్ళు ఆ సంగతిని 1940ల్లో తమ దారిన తాము కనుక్కున్నారు.

"క్లాసిక్" అంటే ఏ కాలం?

నా లెక్కలో 1943 నుంచి 1975 వరకు. ఓక్లహామా అనే మ్యూజికల్‌తో మొదలు, ఎ కోరస్ లైన్‌తో ఆఖరు. కొందరు 1960ల మధ్యలోనే గీత గీసేస్తారు. అలా గీస్తే నృత్య దర్శకుడు బాబ్ ఫాసీ పనిలో సగం బయట ఉండిపోతుంది. నేనొప్పుకోను.

ఓక్లహామాలో అంత విశేషం ఏముంది? అది పశువుల కాపరుల కథ కదా?

కథ చిన్నదే. లారీ అనే పిల్ల ఉంటుంది. కర్లీ అనే కుర్రాడంటే ఆమెకు ఇష్టం. జడ్ అనే పాలేరంటే భయం. ఊళ్ళో విందుకు ఎవరి వెంట వెళ్ళాలో తేల్చుకోవాలి. అంతే.

మొదటి అంకం చివర లారీ నిద్రలోకి జారుకుంటుంది. అక్కడి నుంచి దాదాపు పావుగంట సేపు ఒక్క మాట ఉండదు, అంతా నాట్యమే. కలలో ఆమె పెళ్ళికూతురవుతుంది. మేలిముసుగు ఎత్తి చూస్తే ఎదురుగా కర్లీ ఉండడు, జడ్ ఉంటాడు. జడ్ తన గదిలో గోడకు అంటించుకున్న బొమ్మల్లోని ఆడవాళ్ళు నల్ల మేజోళ్ళు వేసుకుని నడిచొస్తారు. చివరికి జడ్ కర్లీని చంపేస్తాడు. ఉలిక్కిపడి లేచిన లారీ, భయంతోనే జడ్ వెంట విందుకు వెళుతుంది.

దీన్ని కట్టినావిడ ఆగ్నెస్ డి మిల్. రచయిత హామర్‌స్టీన్ మొదట ఆ కలను సర్కస్‌లా ఊహించుకున్నాడు. ఆడపిల్లలకు సర్కస్ కలలు రావని డి మిల్ వాదించి, ఆ కలలో భయాన్ని, ఆశను, చాటుగా ఉండే కుతూహలాన్ని పెట్టించింది. లారీ తన నోటితో తనకే చెప్పుకోలేని మాటను కాళ్ళు చెప్పేశాయి. ఆ తరువాత నాట్యాన్ని ఒట్టి అలంకారమని ఎవరు అనగలరు?

1943 మార్చి 31న సెయింట్ జేమ్స్ థియేటర్‌లో మొదలై 2,212 ప్రదర్శనలు ఆడింది. కలలో లారీని ఆడింది కథలో లారీగా పాడిన నటి కాదు, వేరే నర్తకి. అప్పట్లో పాడేవాళ్ళు వేరు, ఆడేవాళ్ళు వేరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, జెరోమ్ రాబిన్స్ అనే నృత్య దర్శకుడి దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

అంతకు ముందు బ్రాడ్‌వేలో నాట్యమే లేదా?

బోలెడంత ఉంది. అందగత్తెలను వరసగా నిలబెట్టి కాళ్ళెత్తించడం ఒక రకం. రష్యా నుంచి వచ్చిన బాలంచైన్ 1936లో ఆన్ యువర్ టోస్‌లో కథలో భాగంగా ఒక బ్యాలే కట్టాడు. డి మిల్ కంటే ఏడేళ్ళ ముందు. కాబట్టి అంతా ఓక్లహామాతోనే పుట్టిందనడం అతిశయోక్తే.

పాత కథల్లో తరచు జారిపోయే పేర్లు మాత్రం నల్లజాతి కళాకారులవి. 1921లో షఫుల్ ఎలాంగ్ వచ్చింది. రాసింది, సంగీతం కట్టింది, ఆడింది అందరూ నల్లవాళ్ళే. దాని కోరస్ (గుంపుగా ఆడేవాళ్ళ) వేగం చూసి తెల్లవాళ్ళ ప్రదర్శనలు కూడా తమ నడక మార్చుకున్నాయి. రెండేళ్ళకు రన్నిన్ వైల్డ్ అనే ఇంకో నల్లజాతి ప్రదర్శన నుంచి చార్ల్‌స్టన్ అనే నాట్యం దేశమంతా పాకింది. బడ్డీ బ్రాడ్లీ అనే ఆయన స్టూడియోలో కూర్చుని పెద్ద పెద్ద తెల్ల తారలకు అడుగులు కట్టి ఇచ్చేవాడు. కార్యక్రమ పత్రంలో ఆయన పేరుండేది కాదు. ఆ గౌరవం కోసం సముద్రం దాటి లండన్ వెళ్ళాల్సి వచ్చింది. నృత్య దర్శకత్వానికి, బ్రాడ్‌వే ప్రదర్శనలకిచ్చే టోనీ బహుమతి ఒక నల్లజాతి కళాకారుడికి దక్కడానికి 1975 వరకు పట్టింది. ది విజ్ అనే ప్రదర్శనకు జార్జ్ ఫైసన్ అందుకున్నాడు. ఆ బహుమతులు మొదలైందేమో 1947లో.

ట్యాప్ అంటే బూటుతో చప్పుడు చేయడమేనా?

గజ్జె కట్టి జతులు వేసేవాళ్ళను "గజ్జెలు గలగలలాడించడమేనా" అని అడిగి చూడండి, ఏమంటారో!

అమెరికాలో బానిసలకు డప్పులు వాడే వీలు లేకుండా చట్టాలు చేసిన చోట్లున్నాయి. డప్పు పోయినా తాళం పోలేదు, చేతుల్లోకీ పాదాల్లోకీ దిగింది. దానికి ఐర్లండ్, ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళ చెక్కబూట్ల ఆటలు కలిశాయి. ఆ కలయికే ట్యాప్. చూసేటప్పుడు అరనిమిషం కళ్ళు మూసుకోండి. పళ్ళెం మీద తరంగం ఆడేటప్పుడు పాదం ఏం పలుకుతోందో వినే చెవి మనకుంది. అదే చెవి ఇక్కడా పెట్టాలి.

బిల్ "బోజాంగిల్స్" రాబిన్సన్ పాదం ముందుభాగం మీద తేలుతూ ఆడేవాడు. చెక్క అడుగున్న బూట్లు, నిటారుగా ఒళ్ళు. ఆయన మెట్ల నాట్యంలో ఒక్కో మెట్టూ ఒక్కో స్వరం పలికేది. జాన్ బబుల్స్ మడమను కిందికి దించి తాళాన్ని బరువెక్కించాడు, లయను మెలికలు తిప్పాడు. 1935లో పోర్గీ అండ్ బెస్‌లో స్పోర్టిన్ లైఫ్ పాత్ర మొదట వేసింది ఈయనే. ఒకరిది గాలి, ఇంకొకరిది నేల. నాకైతే బబుల్స్ ఒక మెట్టు పైన. రాబిన్సన్ అభిమానులు క్షమించాలి. ఆయన పుట్టినరోజు మే 25నే అమెరికాలో జాతీయ ట్యాప్ దినంగా జరుపుకుంటారు, ఆ గౌరవం ఎలాగూ ఆయనదే.

ఫ్రెడ్ అస్టైర్ సినిమా మనిషి కదా, ఆయనకు ఇక్కడేం పని?

సినిమాకు రాకముందు పాతికేళ్ళకు పైగా రంగస్థలమే ఆయన ఇల్లు. అక్క అడేల్‌తో కలిసి చిన్నప్పటి నుంచీ ఆడాడు. 1924లో లేడీ బి గుడ్, 1927లో ఫన్నీ ఫేస్. అప్పట్లో జనం ముందు చూసేది అక్కనే. 1932లో ఆవిడ పెళ్ళి చేసుకుని రంగస్థలం వదిలేసింది. తమ్ముడు ఒంటరిగా ఒక్క మ్యూజికల్ ఆడి హాలీవుడ్ వెళ్ళిపోయాడు.

జెరోమ్ రాబిన్స్‌ను అందరూ అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

వీధిలో నడిచే నడకను నాట్యం చేశాడు కనుక.

రెండు వీధి ముఠాల కథ వెస్ట్ సైడ్ స్టోరీ మొదలవడమే మాట లేకుండా మొదలవుతుంది. కుర్రాళ్ళు నిలబడి ఉంటారు. చిటికెలు వేస్తారు. ఒకడు నడుస్తాడు. ఆ నడకలో భుజం కొద్దిగా లేస్తుంది, చెయ్యి కొద్దిగా విచ్చుకుంటుంది, ఉన్నట్టుండి అది నాట్యమైపోతుంది. ఏ అడుగు దగ్గర నడక ఆగి ఆట మొదలైందో వేలు పెట్టి చూపించమంటే నేను చూపించలేను. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఈ వీధి మాది అని చెప్పడానికి వాళ్ళకు ఒళ్ళు తప్ప ఇంకేమీ లేదని ఆ నాలుగు నిమిషాల్లో అర్థమవుతుంది.

1957 సెప్టెంబర్ 26న వింటర్ గార్డెన్ థియేటర్‌లో మొదలైంది. పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు వేరువేరు అన్నాను కదా. రాబిన్స్ ఆ గోడ కూల్చాడు. రెండు ముఠాల్లో ఒక్కొక్కడూ నటించాలి, పాడాలి, ఆడాలి. మామూలుగా నాలుగు వారాలుండే రిహార్సల్స్‌కు ఎనిమిది వారాలు పట్టుబట్టి తీసుకున్నాడు. జెట్స్ ముఠా, షార్క్స్ ముఠా రిహార్సల్ బయట కూడా కలిసి తిరక్కూడదని ఆంక్ష పెట్టాడు. ప్యూర్టోరికో ఆడపిల్లల నాట్యం, "అమెరికా" అనే పాట విషయంలో సహ నృత్య దర్శకుడు పీటర్ జెన్నారో చెయ్యి పెద్దదే. ఆ పేరు కూడా చెప్పుకోవాలి.

ఆయన మనిషిగా మంచివాడు కాదంటారు. నిజమేనా?

రిహార్సల్లో మనుషుల్ని నమిలేసేవాడని ఆయన దగ్గర ఆడినవాళ్ళే చెప్పారు. ఒకసారి కళాకారుల్ని తిడుతూ వెనక్కి నడుస్తూ వాద్యకారుల గుంటలో పడబోతుంటే ఒక్కరూ హెచ్చరించలేదని ఒక కథ ప్రచారంలో ఉంది. కథే కావచ్చు, కానీ అది పుట్టడానికి కారణం ఉంది.

అంతకంటే బరువైన సంగతి 1953 నాటిది. కమ్యూనిస్టుల కోసం వేటాడుతున్న అమెరికా చట్టసభ కమిటీ ముందు కూర్చుని తోటి కళాకారుల పేర్లు ఎనిమిది చెప్పేశాడు. ఆ రోజుల్లో పేరు బయటికొస్తే పని పోయేది. పదకొండేళ్ళ తరువాత ఫిడ్లర్ ఆన్ ది రూఫ్‌లో టెవ్యే పాత్ర వేసిన జీరో మోస్టెల్ అలా నల్లజాబితాకెక్కి నలిగినవాడే. రాబిన్స్‌తో పని చేశాడు, స్నేహం మాత్రం చెయ్యలేదు. ఇద్దరూ కలిసి ఇచ్చిన ఆ నాటకం చూసి నేను ఏడ్చాను. ఆ మనిషినీ ఈ పనినీ విడదీసి చూడడం నాకింకా చేతకాలేదు.

ఫిడ్లర్‌లో పెళ్ళి నాట్యం అప్పుడు టోపీల మీద సీసాలు అంటిస్తారా?

అంటించరు. నిజంగానే నిలబెడతారు. మోకాళ్ళ మీద జరుగుతున్నప్పుడు సీసా పడితే పడినట్టే. యూదుల పెళ్ళిళ్ళకు వెళ్ళి, అక్కడ మగవాళ్ళు ఎలా ఆడుతున్నారో చూసి వచ్చి రాబిన్స్ దీన్ని కట్టాడు.

బ్రాడ్‌వే జాజ్ నాట్యంలో భరతనాట్యం ఉందని విన్నాను. అది మనవాళ్ళు చెప్పుకునే గొప్పేనా?

ఈసారి గొప్ప కాదు, నిజమే. ఇది చెప్పడానికే ఈ పేజీ మొదలుపెట్టానంటే కూడా తప్పులేదు.

జాక్ కోల్ 1911లో న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో పుట్టాడు. ఎడిసన్‌లో ఉన్న తెలుగువాళ్ళకు పక్క ఊరే. రైల్లో మన్‌హట్టన్ వెళ్ళొచ్చేవాళ్ళకు ఆ స్టేషన్ పేరు కంఠతా వచ్చే ఉంటుంది. రూత్ సెయింట్ డెనిస్, టెడ్ షాన్ నడిపిన డెనిషాన్ బృందంలో చేరాడు. ఆ బృందానికి తూర్పు దేశాల మీద మోజు, 1926లో భారతదేశంలోనూ ప్రదర్శనలిచ్చింది. తరువాత కోల్ భరతనాట్యాన్ని పట్టుదలగా నేర్చుకున్నాడు. పైపైన చేతులు తిప్పే రకం కాదు, అడవులు (నాట్యంలోని మూల అడుగులు), హస్తాలు, కంటి కదలిక అన్నీ సాధన చేశాడు. నేర్చుకుని ఏం చేశాడూ అంటే, వాటిని తీసుకెళ్ళి స్వింగ్ అనే జాజ్ సంగీతం మీద పెట్టాడు! 1930ల చివర్లో న్యూయార్క్ నైట్‌క్లబ్బుల్లో భోజనం చేస్తున్నవాళ్ళ ముందు కోల్ బృందం ఆ కలగలుపు ఆడింది.

వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. చూస్తే వేరు. మోకాళ్ళు వంగి, బరువంతా కిందికి దిగి, పైన ఒళ్ళు కదలకుండా మెడ మాత్రం పక్కకు జరుగుతుంది. మనవాళ్ళకు అరమండి, అట్టమి అనగానే తెలిసిపోతుంది. ఒక్కో అవయవాన్ని మిగతా ఒంటి నుంచి విడదీసి కదపడం ఈనాటి జాజ్ నాట్యానికి ఓనమాలు. ఆ పాఠంలో మన గ్రీవాభేదాల (మెడ కదలికల) వాటా ఉంది, నల్లజాతివారి నాట్యాల వాటా, లాటిన్ నాట్యాల వాటా కూడా ఉన్నాయి. వాటిని కలిపి ఒక క్రమశిక్షణగా మార్చింది కోల్. రంగస్థల జాజ్ నాట్యానికి తండ్రి అని ఆయన్నే అంటారు.

1953లో కిస్మెట్ అనే మ్యూజికల్‌కు నాట్యాలు కట్టాడు. కథ బాగ్దాద్‌ది, చేతులు చూస్తే మనవి. అప్పటివాళ్ళకు బాగ్దాద్ అయినా తంజావూరు అయినా "తూర్పు" అనే ఒకే గంప. కోల్ శ్రద్ధను నేను మెచ్చుకుంటాను. ఆ గంపను మాత్రం మెచ్చుకోలేను. అదే ఏడాది సినిమాలో మెరిలిన్ మన్రో వజ్రాల గురించి పాడే పాటకు కదలికలు నేర్పింది కూడా ఆయనే. ఈసారి ఆ పాట చూసినప్పుడు ఆవిడ భుజాలు, మణికట్లు చూడండి.

ఆయన పేరు సామాన్య ప్రేక్షకుడికి తెలియదు. 1974లో పోయాడు. ఆయన శిష్యుల పేర్లు మాత్రం అందరికీ తెలుసు. అందులో మొదటి పేరు గ్వెన్ వెర్డన్.

గ్వెన్ వెర్డన్ ఎవరు? బాబ్ ఫాసీ భార్య కదా?

ఆ రెండో వాక్యం ముందు చెరిపేద్దాం. ఫాసీని పెళ్ళి చేసుకునే నాటికే ఆవిడకు నాలుగు టోనీలు. క్యాన్‌క్యాన్, డామ్ యాంకీస్, న్యూ గర్ల్ ఇన్ టౌన్, రెడ్‌హెడ్.

1925లో కాలిఫోర్నియాలో పుట్టింది. పసితనంలో రికెట్స్ వల్ల కాళ్ళు వంకరపోయాయి. కాళ్ళకు బిగువైన ప్రత్యేక బూట్లు వేసి ఉంచేవారు. తల్లి నర్తకి, కాళ్ళు బలపడాలని నాట్యంలో పెట్టింది. పెద్దయ్యాక జాక్ కోల్ దగ్గర ఏళ్ళ తరబడి సహాయకురాలిగా పని చేసి, సినిమా తారలకు అడుగులు నేర్పింది. ఆవిడ ఆటలో కవ్వింపు ఉంటుంది, దాని వెనకే తన మీద తాను వేసుకునే జోక్ ఉంటుంది. డామ్ యాంకీస్‌లో లోలా ఒక కుర్రాణ్ణి వలలో వేసుకోబోయే పాట చూడండి (1958 సినిమాలో ఆవిడే ఉంది). విప్పిన చేతితొడుగును విసిరే తీరులోనే నవ్వొస్తుంది. శృంగారాన్నీ హాస్యాన్నీ ఒకే అడుగులో పెట్టడం కష్టం. మన దగ్గర ఆ పని చేసేది వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామ అని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను.

ఫాసీ నాట్యాన్ని చూడగానే ఎలా గుర్తుపట్టాలి?

టోపీ, చేతితొడుగులు, లోపలికి తిరిగిన మోకాళ్ళు, వంగిన భుజాలు, విరిచినట్టున్న మణికట్టు, వేళ్ళు విచ్చుకున్న అరచెయ్యి. ఒళ్ళంతా నిశ్చలంగా ఉండి ఒక్క తుంటి లేదా ఒక్క చిటికెనవేలు కదిలితే అది ఫాసీ.

వీటి పుట్టుక తమాషాగా ఉంటుంది. జుట్టు పలచబడుతోందని టోపీ. తన చేతులు తనకు నచ్చక తొడుగులు. బ్యాలేలో పాదాలు బయటికి విచ్చుకోవాలి, ఆయనవి విచ్చుకునేవి కావు, అందుకని లోపలికే తిప్పేశాడు. లేనిదాన్ని దాచడం కాదు, దాన్నే ముందుకు తోసి చూపించడం. దానికి తోడు కుర్రతనంలో షికాగోలోని చవక వినోదశాలల్లో ఆడిన అనుభవం ఉంది. ఆ పొగ, ఆ మసక వెలుతురు, డబ్బు కోసం నవ్వే ఆడవాళ్ళ అలసట ఆయన్ను జీవితాంతం వదల్లేదు.

1954లో ప్యాజమా గేమ్‌లో ముగ్గురు నల్ల సూట్లు, గుండ్రని టోపీలు వేసుకుని ఆవిరి చప్పుళ్ళు చేస్తూ ఆడిన నాట్యంతో ఫాసీ పేరు మోగింది. 1966లో స్వీట్ చారిటీ. అందులో అద్దెకు ఆడే పడుచులు ఒక కమ్మీ మీద వాలి నిలబడి పిలుస్తారు. దాదాపు కదలరు. కదలని నాట్యం అంత భయపెట్టగలదని నేను అక్కడే తెలుసుకున్నాను. 1973లో ఒకే ఏడాది ఆస్కార్, టోనీ, ఎమ్మీ మూడూ దర్శకుడిగా కొట్టాడు. ఆ ఘనత ఇంకెవరికీ లేదు.

1987 సెప్టెంబర్ 23న వాషింగ్టన్‌లో స్వీట్ చారిటీ పునఃప్రదర్శన మొదలయ్యే సాయంత్రం వీధిలో కుప్పకూలిపోయాడు. పక్కన గ్వెన్ వెర్డన్ ఉంది. వాళ్ళు విడిపోయి అప్పటికి పదహారేళ్ళు, విడాకులు మాత్రం తీసుకోలేదు.

షికాగో అనే మ్యూజికల్ ఇప్పటికీ ఆడుతోంది కదా. అది ఫాసీ నాట్యమేనా?

1996 నుంచి ఆడుతున్నది పునఃప్రదర్శన. నాట్యాలు ఆన్ రైన్‌కింగ్ ఫాసీ శైలిలో కట్టినవి. 1975 నాటి అసలు ప్రదర్శనలో గ్వెన్ వెర్డన్, చీటా రివేరా పక్కపక్కనే ఆడారు. పదకొండు టోనీ నామినేషన్లు వచ్చినా ఒక్క బహుమతీ రాలేదు. ఆ ఏడాది గాలి అంతా ఎ కోరస్ లైన్ వైపు వీచింది. ఎప్పుడో ఆగిపోయిన ఎ కోరస్ లైన్ రికార్డును తరువాత ఈ పునఃప్రదర్శనే దాటేసింది.

చీటా రివేరా గురించి ఒక్క మాటలో?

ఒక్క మాటలో కుదరదు గాని కుదించి చెబుతాను. ప్యూర్టోరికో తండ్రి బిడ్డ. బాలంచైన్ బడిలో బ్యాలే నేర్చుకుంది. వెస్ట్ సైడ్ స్టోరీలో మొట్టమొదటి అనీటా. 1986లో కారు ప్రమాదంలో కాలు పన్నెండు చోట్ల విరిగింది. ఏడేళ్ళ తరువాత, అరవై ఏళ్ళ వయసులో, కిస్ ఆఫ్ ది స్పైడర్ వుమన్‌లో ఆడి టోనీ గెలుచుకుంది. 2024 జనవరిలో కన్నుమూసింది.

ఎ కోరస్ లైన్‌లో కథే లేదంటారు. మరి ఎందుకంత పేరు?

ఎనిమిది ఉద్యోగాలకు పదిహేడు మంది పోటీ. అదే కథ. ఉద్యోగాల ప్రకటనకు దరఖాస్తు పెట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నవాడెవడికైనా అర్థమవుతుంది.

1974 జనవరిలో ఒక రాత్రి మైకేల్ బెన్నెట్ కొందరు నర్తకులతో కూర్చుని, వాళ్ళు చెప్పుకున్న సొంత కథలు టేపు చేశాడు. వెనక వరసలో పేరు లేకుండా ఆడేవాళ్ళవి. ఇంట్లో తగాదాల నుంచి తప్పించుకోవడానికి బ్యాలే బడికి పారిపోయిన పిల్ల, అందంగా లేనని విన్న పిల్ల, మోకాలు పోతే ఏం చెయ్యాలో తెలియని కుర్రాడు. ఆ టేపుల్లోంచే నాటకం పుట్టింది. తమ కథల హక్కులను వాళ్ళు డాలరుకు రాసిచ్చారు. తరువాత లాభాల్లో కొంత వాటా ఏర్పాటైంది గాని, ఆ ఒక్క డాలరు బాధ చాలామందిలో ఉండిపోయింది.

1975 జూలైలో బ్రాడ్‌వేకు వచ్చి 1990 ఏప్రిల్ దాకా 6,137 సార్లు ఆడింది. చివర్లో అందరూ బంగారు రంగు దుస్తుల్లో ఒకే వరసగా వస్తారు. అంతసేపూ ఒక్కొక్కరిని విడివిడిగా తెలుసుకున్న మనకు ఇప్పుడు ఎవరెవరో గుర్తుపట్టడం కూడా కష్టమవుతుంది. జనం చప్పట్లు కొడతారు. నాకు ప్రతిసారీ గొంతు పట్టుకుంటుంది. బెన్నెట్ 1987లో ఎయిడ్స్ సంబంధిత వ్యాధితో పోయాడు, నలభై నాలుగేళ్ళకే.

మైకేల్ కిడ్, గవర్ చాంపియన్ పేర్లు కూడా వినిపిస్తాయి?

వినిపించాలి. కిడ్‌ది కండబలం. గైస్ అండ్ డాల్స్‌లో భూగర్భ కాలువలో జూదగాళ్ళ నాట్యం ఆయనదే, ఐదు టోనీలు. చాంపియన్ హలో డాలీతో జనాన్ని ఊపేశాడు. 1980 ఆగస్టు 25న 42వ వీధి పేరుతో ఉన్న మ్యూజికల్ మొదలైన రోజే మరణించాడు. నిర్మాత ఆ కబురును పగలంతా తొక్కిపెట్టి, ప్రదర్శన ముగిశాక చప్పట్ల మధ్య వేదిక మీద చెప్పాడు. నటులు కూడా అప్పుడే విన్నారు. నిర్మాతలు ఎక్కడైనా నిర్మాతలే.

నాట్యానికి సంగీతం పాటలు కట్టినాయనే కడతాడా?

చాలాసార్లు కాదు. పాట మెట్టు ఆయనది. దాన్ని పది నిమిషాల నాట్యానికి సాగదీసి, అడుగుకు తగ్గట్టు విరిచి, కొత్తగా అల్లేది నాట్య సంగీత కర్త. ట్రూడ్ రిట్‌మన్ అనే ఆవిడ డి మిల్ దగ్గర, రాబిన్స్ దగ్గర ఈ పని చేసింది. ది కింగ్ అండ్ ఐలో సయాం రాజు ముందు ఆడే నాట్యనాటిక సంగీతం చాలావరకు ఆవిడదే. నట్టువాంగం చేసేవారి పేరు కరపత్రంలో ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో, ఆవిడ పేరూ అంతే.

పాత నాట్యాలు ఇప్పుడు ఎలా దొరుకుతాయి? ఎవరైనా రాసి పెట్టారా?

కొన్నే దొరుకుతాయి. పాటకు స్వరాలున్నాయి, మాటకు పుస్తకం ఉంది, అడుగు ఒంట్లోనే ఉండిపోతుంది. నర్తకి నుంచి నర్తకికి అప్పగించుకుంటూ వచ్చినవి బతికాయి, మిగిలినవి పోయాయి. హాన్యా హోమ్ అనే ఆవిడ కిస్ మీ కేట్ నాట్యాలను లాబన్ లిపిలో (అడుగులను గుర్తులతో రాసే పద్ధతి) రాయించి 1952లో హక్కు నమోదు చేయించింది. అమెరికాలో అలా లిపిలో నమోదైన మొదటి నాట్యం అదే.

రాబిన్స్ ఒక మంచి పని చేశాడు. ఫిడ్లర్ రాబడిలో వాటా పెట్టి న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో నాట్యాల ఫిల్ముల భాండాగారానికి ఊపిరి పోశాడు. అక్కడి నాట్య విభాగానికి ఇప్పుడు ఆయన పేరే. లింకన్ సెంటర్ ఆవరణలో ఉంటుంది. ఆ ఆవరణ కోసం కూల్చిన పేటలోనే వెస్ట్ సైడ్ స్టోరీ సినిమా ప్రారంభ దృశ్యం కొంత తీశారు. చిటికెలు వేసుకుంటూ కుర్రాళ్ళు నడిచిన వీధులు పోయాయి.

పిల్లల దగ్గరికి న్యూజెర్సీ వెళుతున్నాం. తక్కువ ఖర్చులో ఏం చూడమంటారు?

టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద టీకేటీఎస్ కిటికీ ఉంటుంది. ఆ రోజు మిగిలిన టికెట్లు తగ్గింపు ధరకు అమ్ముతారు. వరసలో నిలబడే ఓపిక ఉండాలి. షికాగో దొరికితే చూడండి, మనవలు చిన్నవాళ్ళయితే మాత్రం వద్దు. ముందు కాకుండా కాస్త పైన సీటు తీసుకోండి. ముఖాలు చిన్నవవుతాయి గాని, వేదిక మీద మనుషులు వేసే ముగ్గు కనిపిస్తుంది. వెళ్ళే ముందు ఇంట్లో వెస్ట్ సైడ్ స్టోరీ 1961 సినిమా చూసి వెళ్ళండి. సినిమా కెమెరా ఒక్కోసారి పాదాలు కోసేస్తుంది, అయినా ఏమీ చూడకపోవడం కంటే నయం.

నాట్యం నచ్చితే "వన్స్ మోర్" అనొచ్చా?

పద్యనాటకాల్లో రాగం తీసిన నటుణ్ణి వన్స్ మోర్ అని నాలుగుసార్లు పాడించుకున్న జాతి మనది. అక్కడ అలా మళ్ళీ ఆడరు. చప్పట్లు ఎంతసేపైనా కొట్టొచ్చు. నటులు కదలకుండా ఆగి ఉంటారు, చప్పట్లు తగ్గాక కథ సాగుతుంది.

ఒకసారి మాత్రం ఆ పద్ధతి తప్పింది. 1953 మే 7, క్యాన్‌క్యాన్ మొదటి రాత్రి. గ్వెన్ వెర్డన్‌ది చిన్న పాత్ర, దాన్ని ఇంకా కత్తిరించారని కూడా చెబుతారు. తన నాట్యం ముగించి గదిలోకి పోయి బట్టలు మార్చుకుంటోంది. బయట జనం ఆవిడ పేరు పెట్టి అరుస్తున్నారు, నాటకం ముందుకు కదలనివ్వడం లేదు. ఎవరో పరుగెత్తుకొచ్చి, ఉన్నపళంగా, ఒంటికి చుట్టుకున్న బట్టతోనే ఆవిడను వేదిక మీదికి లాక్కెళ్ళారు. తరువాతి ఏడాది మొదటి టోనీ ఆ పాత్రకే వచ్చింది.